నడుమును లాగే బల్ల, ముందుగా కట్టించుకునే డబ్బు

దీర్ఘకాలంగా నడుం నొప్పితో బాధపడుతున్నవారికి స్పైనల్ డీకంప్రెషన్ (మోటారుతో నడిచే బల్ల మీద వెన్నును లాగే చికిత్స) పేరుతో ఇరవై, ముప్ఫై సిట్టింగుల ప్యాకేజీని అంటగట్టి, ఆ సొమ్మంతా మొదటి రోజే కట్టించుకునే పద్ధతి మా విశాఖపట్నంలో ఆగిపోవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఆ యంత్రం ప్రమాదకరమని నేను అనడం లేదు; తగిన జాగ్రత్తలతో వాడితే చాలామందికి దానివల్ల పెద్ద హాని ఉండదు. దాని మీద పడుకుని లేచినవారికి కలిగే ఉపశమనం భ్రమ అని కూడా అనను. అయితే ఆ బల్ల నిజంగా చేయగలిగింది ఎంత, చేస్తుందని చెప్పి డబ్బు తీసుకుంటున్నది ఎంత అన్నది రోగికి ఎవరూ చెప్పడం లేదు. ఈ విషయం మీద పరిశోధనలు కొన్ని దశాబ్దాలుగా జరుగుతున్నాయి, వాటి ఫలితాలు ఎవరైనా చదువుకోవడానికి వీలుగానే ఉన్నాయి, అయినా అవి క్లినిక్కు బల్ల దాకా రావడం లేదు.

నేను వైద్యురాలిని కాను, ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మా పెద్ద బావగారు ఉక్కు కర్మాగారంలో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు, కూర్మన్నపాలెంలో ఉంటారు. పైన క్యాబిన్‌లో కూర్చుని, కుదుపుల మధ్య, గంటల తరబడి కిందికి వంగి చూస్తూ పనిచేసిన నడుము ఆయనది. నొప్పి బాగా పెరిగినప్పుడు నగరంలోని ఒక క్లినిక్కుకు వెళితే, ఎంఆర్ఐ చూసి, ఎల్4–ఎల్5 దగ్గర, అంటే నడుములోని నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య గ్యాప్ తగ్గిపోయిందని, ఆ మధ్యలో మెత్తలా ఉండే డిస్కు బయటికి వచ్చిందని, లాగి సరిచేయకపోతే ఆపరేషన్ దాకా పోతుందని చెప్పి, ఆ రోజే మొత్తం కడితే రాయితీ ఉందన్నారు. ఆయన బయటికి వచ్చి నాకు ఫోన్ చేశారు. "అమ్మా, నువ్వు సైన్సు చెప్పేదానివి కదా, ఎముకల మధ్య మూసుకుపోయిన గ్యాప్‌ను మిషను తెరవగలదా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలని చదవడం మొదలుపెట్టాను. ఆయనలాంటి వారి పిల్లలు, మరదళ్లు, అల్లుళ్లు ఇదే ప్రశ్నను ఎదుర్కొంటున్నారు కనుక, తెలుసుకున్నది రాసి పెట్టడం బాధ్యత అనిపించింది.

యంత్రం పనిచేసే తీరు అర్థం చేసుకోవడం కష్టం కాదు. రోగిని రెండు భాగాలుగా ఉండే బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీ కింది భాగానికి ఒక పట్టీ, కటి భాగానికి ఒక పట్టీ బిగిస్తారు. మోటారు కింది వైపుకు లాగుతుంది. కంప్యూటరు ఆ లాగుడును మెల్లగా పెంచి, కాసేపు నిలిపి, మళ్లీ తగ్గిస్తూ, అరగంట అటూ ఇటుగా ఈ క్రమాన్ని నడిపిస్తుంది. లాగే బలం సాధారణంగా శరీర బరువులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. వెన్నును సాగదీసే ఆలోచన హిప్పోక్రటీసు కాలం నాటిది. ఆయన పేరుతో ఒక బల్ల వైద్య చరిత్రలో నిలిచిపోయింది. 20వ శతాబ్దం మధ్యలో బ్రిటన్‌లో జేమ్స్ సిరియాక్స్ అనే వైద్యుడు డిస్కు సమస్యలకు ట్రాక్షన్‌ను, అంటే వెన్నును లాగే చికిత్సను, విస్తృతంగా ప్రచారంలోకి తెచ్చారు. 1990ల తొలి సంవత్సరాల్లో కెనడాకు చెందిన అలన్ డయర్ రూపొందించిన వ్యాక్స్-డి అనే బల్లతో ఇప్పటి డీకంప్రెషన్ యంత్రాల వరుస మొదలైంది. బరువులు కట్టి లాగే పాత ట్రాక్షన్‌కు నడుము కండరాలు బిగుసుకుని ఎదురు తిరుగుతాయని, కంప్యూటరు క్రమంగా లాగడం వల్ల ఆ బిగువు రాదని, కాబట్టి ఇది ట్రాక్షన్ కాదని తయారీదారులు చెబుతారు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ మాత్రం వీటిని మోటారుతో నడిచే ట్రాక్షన్ పరికరాల తరగతిలోనే ఉంచింది. ప్రకటనల్లో కనిపించే "ఎఫ్‌డీఏ ఆమోదం" గురించి ఇక్కడే చెప్పాలి: ఇలాంటి యంత్రాలకు ఆ సంస్థ ఇచ్చేది, ఇంతకుముందే మార్కెట్లో ఉన్న పరికరంతో ఇది సమానం కాబట్టి అమ్ముకోవచ్చు అనే అనుమతి. దీర్ఘకాలిక నడుం నొప్పిని నయం చేస్తుందని నిరూపణ అయినందుకు ఇచ్చిన యోగ్యతాపత్రం అది కాదు.

ఇక క్లినిక్కు గోడల మీద ఉండే బొమ్మ సంగతి. వెన్నుపూసలు దూరం జరుగుతాయి, మధ్యలో శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యం బయటికి వచ్చిన డిస్కును లోపలికి పీల్చుకుంటుంది, పోషకాలు కూడా లోపలికి వస్తాయి. చూడగానే నమ్మబుద్ధయ్యే బొమ్మ ఇది, పూర్తిగా కల్పితం కూడా కాదు. 1994లో ఒక న్యూరోసర్జరీ పత్రికలో వచ్చిన పరిశోధన, చాలా కొద్దిమంది రోగుల డిస్కులో సూది ఉంచి కొలిచి, లాగుతున్నప్పుడు లోపలి పీడనం బాగా పడిపోయిందని చూపించింది. అమ్మకాల కాగితాలన్నింటిలో ఈ పరిశోధనే కనిపిస్తుంది. అయితే అది కొలిచినది లాగుతున్న సమయంలోని పీడనాన్ని. రోగి లేచి నిలబడిన తర్వాత ఏమవుతుంది, నెల తర్వాత నొప్పి ఎలా ఉంటుంది అన్నవి వేరే ప్రశ్నలు, వాటికి ఆ కొలత జవాబు చెప్పదు.

డిస్కు అంటే రెండు వెన్నుపూసల మధ్య వదులుగా పెట్టిన బిళ్ల కాదని నేను తొమ్మిదో తరగతి పిల్లలకు చెబుతాను. లోపల తాటిముంజె లాంటి మెత్తని గుజ్జు, దాని చుట్టూ పొరలు పొరలుగా అల్లుకున్న గట్టి పీచు వలయం, పైనా కిందా వెన్నుపూసలకు అతుక్కున్న పలుచని మృదులాస్థి పలకలు ఉంటాయి. అది జారడానికి వీలు లేదు. వలయంలో ఎక్కడైనా బలహీనత వస్తే అక్కడ ఉబ్బుతుంది, లేదా చీలిక గుండా గుజ్జు కొంత బయటికి వస్తుంది. పెద్దవారి డిస్కు లోపలికి రక్తనాళాలు పోవు, పోషకాలు ఆ పలకల గుండా ఊరుతూ చేరాలి. పగలంతా నిలబడి, కూర్చుని ఉన్నప్పుడు డిస్కులోని నీరు కొంత బయటికి పోతుంది, రాత్రి పడుకున్నప్పుడు తిరిగి వస్తుంది. అందుకే మనమందరం సాయంత్రం కన్నా ఉదయం ఒకటి రెండు సెంటీమీటర్లు పొడవుగా ఉంటాం. మా బావగారి ప్రశ్నకు నా మొదటి జవాబు ఇదే: గ్యాప్ కాస్త తెరుచుకోవడం ప్రతి రాత్రీ మంచం మీద జరుగుతున్నదే, ఉదయం లేచి నడిచేసరికి మూసుకోవడం కూడా అంతే సహజం. ఆ గ్యాప్ ఒక్కటే నొప్పికి కారణమైతే ఉదయం నిద్ర లేచేసరికి నడుము హాయిగా ఉండాలి, కానీ నడుం నొప్పి ఉన్నవారిలో ఎంతోమందికి ఉదయమే ఎక్కువ పట్టేసి ఉంటుంది.

దీనికన్నా బలమైన ఉదాహరణ భూమి మీద కాక అంతరిక్షంలో దొరికింది. గురుత్వ భారం లేని చోట వ్యోమగాముల వెన్ను ఐదు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. నెలల తరబడి, రాత్రింబవళ్లు సాగే ఆ స్థితిని ఏ క్లినిక్కు బల్లా అందించలేదు. మరి వారి నడుములు సుఖంగా ఉన్నాయా అంటే, సగానికి పైగా వ్యోమగాములు అక్కడ వెన్నునొప్పితో బాధపడుతున్నారు. అమెరికా వ్యోమగాములలో డిస్కు బయటికి వచ్చే అవకాశం, వారితో పోల్చదగిన ఇతరుల కన్నా 4.3 రెట్లు ఎక్కువగా ఉందని 2010లో ఒక అధ్యయనం తేల్చింది. 2016లో, అంతరిక్ష కేంద్రంలో నాలుగు నుంచి ఏడు నెలలు గడిపి వచ్చిన ఆరుగురికి ఎంఆర్ఐ తీసి చూస్తే, డిస్కుల ఎత్తులో చెప్పుకోదగిన మార్పు ఏదీ స్థిరంగా కనిపించలేదు. వెన్నును పట్టి ఉంచే కండరాలు మాత్రం సగటున 19 శాతం తగ్గిపోయాయి. అంతరిక్షమూ, ట్రాక్షన్ బల్లా ఒకటేనని నేను వాదించడం లేదు. అయినా, వెన్ను మీద భారం తీసేస్తే చాలు, నొప్పి దానంతట అదే పోతుందన్న నమ్మకానికి ఈ ఫలితాలు ఏమాత్రం బలం ఇవ్వవు. వెన్నుకు కండరం కావాలి, కండరానికి పని కావాలి.

ఇవన్నీ శరీర నిర్మాణాన్ని బట్టి చేసే ఊహలే కదా, రోగులకు తగ్గిందా లేదా అన్నది ముఖ్యం కదా అని ఎవరైనా అంటే, ఆ మాటను నేను పూర్తిగా అంగీకరిస్తాను. అందుకే అసలు తీర్పు చెప్పవలసింది పోలిక పరీక్షలు. నెదర్లాండ్స్‌లో 151 మంది రోగులను చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేసి, ఒక గుంపును నిజమైన బలంతో లాగారు, మరొక గుంపును అదే యంత్రం మీద, అవే పట్టీలతో, ఫలితం ఉండనంత స్వల్ప బలంతో లాగారు. 1997లో ప్రచురించిన ఫలితాల్లో రెండు గుంపుల మధ్య తేడా లేదు. అదే దేశంలో, డీకంప్రెషన్ తరగతికే చెందిన ఆధునిక యంత్రంతో, మూడు నెలలకు మించి నొప్పి ఉన్న 60 మంది మీద మరో పరీక్ష చేసి 2009లో వివరాలు వెల్లడించారు. అందరికీ క్రమంగా శారీరక శ్రమ పెంచే శిక్షణ ఇచ్చారు. సగం మందిని యంత్రం నిజంగా లాగింది, సగం మందిని లాగినట్టు నటించింది. రెండు గుంపులకూ నొప్పి తగ్గింది, ఒకే మేరకు తగ్గింది. ఈ ఒక్క పరీక్షను క్లినిక్కులో కూర్చున్న ప్రతి రోగికీ తెలుగులో చదివి వినిపించాలని నా కోరిక, ఎందుకంటే "ఆ మిషను మీద పడుకున్నాక మా పక్కింటాయనకు తగ్గింది" అన్న మాట అబద్ధం కాకపోయినా, మిషను వల్లే తగ్గిందనడానికి అది ఎందుకు చాలదో అది చూపిస్తుంది.

తరువాత వచ్చిన పెద్ద సమీక్షలు ఈ దారినే సాగాయి. వైద్య పరిశోధనలను క్రోడీకరించే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ 2013లో వెలువరించిన సమీక్ష 2,762 మంది పాల్గొన్న 32 పరీక్షలను కలిపి చూసి, ట్రాక్షన్ ఒక్కటే ఇచ్చినా, ఇతర చికిత్సలతో కలిపి ఇచ్చినా, నొప్పి మీద, పనిచేసే శక్తి మీద, తిరిగి ఉద్యోగానికి వెళ్లడం మీద దాని ప్రభావం లేదని, ఉన్నా అతి స్వల్పమని చెప్పింది. బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శక సంస్థ నైస్ 2016లో, కాలిలోకి నొప్పి పాకినా పాకకపోయినా నడుం నొప్పికి ట్రాక్షన్ ఇవ్వవద్దని రాసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పి మీద తన మొట్టమొదటి మార్గదర్శకాలను విడుదల చేసినప్పుడు, మామూలుగా వాడకూడని వాటిలో ట్రాక్షన్‌ను, నడుము బెల్టులను, చికిత్స కోసం ఇచ్చే అల్ట్రాసౌండ్‌ను, టెన్స్ అనే విద్యుత్ ప్రేరణను చేర్చింది. మన ఫిజియో కేంద్రాల్లో నడుం నొప్పి రోగికి సాధారణంగా దొరికేవి ఈ నాలుగే.

మా బావగారు ప్యాకేజీ మొత్తం కట్టలేదు, కొన్ని సిట్టింగులకు విడిగా డబ్బు కట్టి వెళ్లారు. నేను ఇవన్నీ చెప్పినప్పుడు ఆయన శ్రద్ధగా విని, "మరి నాకు లేచాక తేలిగ్గా అనిపిస్తోంది కదమ్మా, అది మాత్రం ఎలా కాదంటావు?" అన్నారు. కాదనను. అరగంట ప్రశాంతంగా పడుకోవడం, బిగుసుకున్న కండరాలు సాగడం, ఒక మనిషి వచ్చి ఎలా ఉందని అడగడం, ఇవన్నీ నొప్పిని కాసేపు తగ్గించగలవు. దానికి తోడు, మనం ఏ చికిత్సకైనా వెళ్లేది నొప్పి భరించలేని స్థాయికి చేరినప్పుడే. ఈ నొప్పికి పెరిగి తగ్గే స్వభావం ఉంది కాబట్టి, శిఖరం నుంచి ఎటు వెళ్లినా దిగడమే అవుతుంది. నెలన్నర పాటు సాగే ప్యాకేజీ ఆ దిగుదలకు సరిగ్గా సరిపోతుంది. ఆయనకు ఆ తేలిక సాయంత్రం దాకా ఉండేది, మరునాటికి నొప్పి మళ్లీ వచ్చేది.

యంత్రం కన్నా ముందు రోగిని లొంగదీసేది ఎంఆర్ఐ కాగితమని నా అభిప్రాయం. "డీజెనరేషన్" (అరుగుదల), "బల్జ్" (ఉబ్బు), "నరం నొక్కుకుంది", "ఎముకలు అరిగిపోయాయి" అన్న మాటలు విన్న మనిషి, తన వెన్ను విరిగిపోవడానికి సిద్ధంగా ఉందని నమ్మి ఇంటికి వస్తాడు. నొప్పి ఏమాత్రం లేని మూడు వేల మందికి పైగా స్కానింగులను క్రోడీకరించి 2015లో వెలువడిన సమీక్ష ప్రకారం, 20 ఏళ్ల వయసులోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, 80 ఏళ్ల వారిలో 96 శాతం మందికి కనిపించింది. డిస్కు ఉబ్బు 20 ఏళ్ల వారిలో 30 శాతం, 80 ఏళ్ల వారిలో 84 శాతం. వీరెవరికీ నడుం నొప్పి లేదని గుర్తుంచుకోవాలి. మా బావగారి వయసులో ఎల్4–ఎల్5 దగ్గర ఏ మార్పూ లేని స్కానింగు వస్తే అదే ఆశ్చర్యం. పైగా నిజంగా గుజ్జు బయటికి వచ్చిన సందర్భాల్లో కూడా శరీరం చాలాసార్లు దాన్ని తనంతట తాను కరిగించుకుంటుంది. 2015లోనే వచ్చిన మరొక సమీక్షలో, పూర్తిగా విడిపోయిన ముక్కల విషయంలో 96 శాతం, చీలిక గుండా బయటికి వచ్చిన వాటిలో 70 శాతం, శస్త్రచికిత్స లేకుండానే తగ్గుముఖం పట్టాయి. బయటికి వచ్చిన ముక్క ఎంత పెద్దదైతే శరీరంలోని రక్షక కణాలు దాన్ని గుర్తించి తినేసే అవకాశం అంత ఎక్కువన్నది నాకు ఎంతో ఊరటనిచ్చిన విషయం. ప్యాకేజీకి ముందు ఒక ఎంఆర్ఐ, తర్వాత ఒక ఎంఆర్ఐ పక్కపక్కన పెట్టి, చూడండి మిషను లోపలికి లాగేసింది అని చూపించే ప్రకటనలను ఈ అంకెల వెలుగులో చూడాలి.

న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. నడుములో మాత్రమే ఉండే నొప్పి వేరు, నరం మూలం నొక్కుకుని కాలి పిక్క దాకా, పాదం దాకా మంటలా దిగే సయాటికా వేరు. రెండో రకంలో, అందులోనూ కొన్ని ప్రత్యేక లక్షణాలున్న వారికి ట్రాక్షన్ కొంత ఉపయోగపడవచ్చని 2007లో 64 మంది మీద జరిగిన పరీక్ష సూచించింది. రెండు వారాల దగ్గర కనిపించిన ఆ మేలు ఆరు వారాలకు నిలవలేదు. అదే ఆలోచనను సరిచూడడానికి 120 మందితో చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో, వ్యాయామ చికిత్సకు ట్రాక్షన్ జోడించడం వల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు. కాలి నొప్పితో విలవిలలాడుతున్న మనిషికి, అనుభవం ఉన్న ఫిజియోథెరపిస్టు రెండు మూడు సార్లు లాగి చూద్దాం, తగ్గితే సరి, లేకపోతే మానేద్దాం అంటే నేను అభ్యంతరం చెప్పను. ఏళ్ల నాటి నడుం నొప్పికి, ఫలితం చూడకముందే ముప్ఫై సిట్టింగులు అమ్మడం దీనికి పూర్తిగా భిన్నమైన పని.

మరి ఏది పనిచేస్తుంది అని మా అక్క అడిగింది, కాస్త కోపంగానే అడిగింది, ఎందుకంటే నేను అన్నింటికీ కాదంటున్నానని ఆమెకు అనిపించింది. వ్యాయామానికి ఉన్నంత ఆధారం ఈ నొప్పికి సంబంధించి మరి దేనికీ లేదన్నంత పరిశోధన ఉంది. 2021 నాటి కాక్రేన్ సమీక్ష ఏకంగా 249 పరీక్షలను పరిశీలించి, ఏ చికిత్సా లేకపోవడంతో, మామూలు వైద్యంతో లేదా ఉత్తుత్తి చికిత్సతో పోలిస్తే వ్యాయామం వంద పాయింట్ల కొలమానంలో నొప్పిని సుమారు 15 పాయింట్లు తగ్గిస్తుందని అంచనా వేసింది. ఇది అద్భుతం కాదు, మాయమైపోవడం అంతకన్నా కాదు, కానీ నొప్పిని పట్టించుకోకుండా కూరగాయలకు వెళ్లి రాగలిగే తేడా అది. ఆస్ట్రేలియాలో 701 మంది మీద జరిగి 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరీక్ష నాకు మరీ నచ్చింది. నడుం నొప్పి ఒకసారి వచ్చి తగ్గినవారికి, ఫిజియోథెరపిస్టు ఆరు నెలల్లో కొన్నిసార్లు కలిసి, నడకను మెల్లగా పెంచుకునే పద్ధతి నేర్పి, నొప్పి గురించి వివరంగా చెప్పారు. ఏమీ చేయని గుంపులో సగం మందికి 112 రోజులకే నొప్పి తిరగబెడితే, నడిచిన గుంపులో అందుకు 208 రోజులు పట్టింది. ఉదయం పూట వాహనాలు ఆపి నడిచేవారికి వదిలే బీచ్ రోడ్డు ఉన్న ఊరు మనది. ఆ రోడ్డుకు టిక్కెట్టు లేదు.

అయితే "నడవండి" అని చీటీ మీద రాసి పంపేస్తే చాలదు. మా బావగారికి వేరు వేరు చోట్ల చెప్పిన జాగ్రత్తలు ఒక జాబితా అవుతాయి: వంగకూడదు, బకెట్ ఎత్తకూడదు, నేల మీద కూర్చోకూడదు, బెల్టు తీయకూడదు. ఆయన అవన్నీ పాటించారు. పీట మీద కూర్చుని భోజనం చేయడం మానేశారు, పూజకు కుర్చీ వేసుకున్నారు, ఏటా ఆషాఢ పౌర్ణమికి వెళ్లే సింహాచలం గిరి ప్రదక్షిణ మానేశారు, ఇంట్లో బరువు పనులన్నీ మా అక్క మీద పడ్డాయి. వాడని నడుము బలహీనపడింది, బలహీనపడిన నడుము చిన్న పనికే నొప్పెట్టింది, ఆ నొప్పి చూసి ఆయన మరింత జాగ్రత్తపడ్డారు. దీర్ఘకాలిక నొప్పిలో కణజాలానికి తగిలిన దెబ్బ కన్నా, నాడీ వ్యవస్థ అతిగా మేల్కొని ఉండడం, నిద్ర లేకపోవడం, భయం, ఆ భయంతో కదలిక తగ్గడం ఎక్కువ పాత్ర వహిస్తాయి. నొప్పి మనసులో పుట్టిందని దీని అర్థం కాదు, నొప్పి నూరు శాతం నిజం. 492 మంది మీద జరిగి 2023లో వెలువడిన ఒక పరీక్షలో, ఫిజియోథెరపిస్టులు రోగితో కూర్చుని ఆ భయాన్ని విప్పి చెప్పి, వదిలేసిన కదలికలను ఒక్కొక్కటిగా తిరిగి చేయించారు. ఏడు సార్ల దాకా కలిసి, తర్వాత మరోసారి కలిస్తే వచ్చిన మెరుగుదల సంవత్సరం తర్వాత కూడా నిలిచింది.

ఇక్కడే మన ఊరిలోని అసలు చిక్కు ఉంది. నా దగ్గర చదువుకుని, ఫిజియోథెరపీలో పట్టా పొంది, ఒక క్లినిక్కులో పనిచేస్తున్న అమ్మాయి ఈమధ్య కనిపించినప్పుడు, తాను నేర్చుకున్నది ఒకటి, చేస్తున్నది ఒకటి అని బాధపడింది. "వ్యాయామం నేర్పడానికి పది నిమిషాలు కూడా దొరకవు టీచర్. పట్టీలు బిగించడం, బటన్ నొక్కడం, తర్వాతి వారిని పిలవడం" అంది. యంత్రానికి పెట్టిన పెట్టుబడి తిరిగి రావాలంటే బల్ల ఖాళీగా ఉండకూడదు. ఒక మనిషి ముందు ముప్పావుగంట కూర్చుని, అతని పని ఏమిటో, నిద్ర ఎలా ఉందో, దేనికి భయపడుతున్నాడో అడిగి తెలుసుకునే ఫిజియోథెరపిస్టు సమయానికి మాత్రం ధర లేదు, దానికి డబ్బు ఇవ్వడానికి మనమూ సిద్ధంగా లేము. మాట్లాడినందుకు ఫీజా అని అడిగే మనం, మోటారు తిరిగినందుకు వేలకు వేలు ఇస్తున్నాం. రోగులను తప్పుపట్టాలని నేను ఈ మాట అనడం లేదు. నొప్పితో ఉన్న మనిషికి కంటికి కనిపించే పని జరుగుతున్నట్టు అనిపించడం అవసరం. కానీ ధర దేనికి కట్టాలో చెప్పవలసింది వైద్యం తెలిసినవారు. మా బావగారి విషయంలో చివరికి నొప్పిని దారికి తెచ్చింది, ఆయన నడుమును వంచి, లేపి, నేల మీద నుంచి బకెట్ ఎత్తించి, ఏమీ విరగదని చూపించిన ఒక ఫిజియోథెరపిస్టు ఇచ్చిన సమయం. నొప్పి పూర్తిగా పోలేదు, పట్టేసే రోజులు ఇప్పటికీ వస్తాయి. బెల్టు మాత్రం తీసేశారు, రోజూ కాలనీ చుట్టూ నడుస్తున్నారు, ముప్ఫై రెండు కిలోమీటర్ల ప్రదక్షిణలో కొంత దూరమైనా వచ్చే ఆషాఢానికి నడవాలని చూస్తున్నారు.

శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం వైపు నుంచి, ఒడిశా నుంచి కూడా వైద్యానికి జనం విశాఖకే వస్తారు. ఆ క్లినిక్కు బయట బావగారి కోసం కూర్చున్నప్పుడు నరసన్నపేట దగ్గరి నుంచి వచ్చిన ఒక పెద్దావిడతో మాట్లాడాను. ప్యాకేజీ డబ్బు ముందే కట్టారు కాబట్టి, ఆగితే పోతుందన్న భయంతో, రోజు విడిచి రోజు ఆర్టీసీ బస్సులో రానూ పోనూ గంటల తరబడి కూర్చుని వస్తున్నారు. "కట్టేసినాం కదమ్మా, సగంలో ఒగ్గీలేం" అన్నారు. అరగంట లాగుడు కోసం అన్ని గంటల కుదుపు ఆ నడుముకు ఏ మేలు చేస్తుందో నాకు అర్థం కాలేదు. ముందుగా కట్టించుకునే పద్ధతిలోని అన్యాయం ఆమెను చూశాకే నాకు పూర్తిగా తెలిసింది: చికిత్స పనిచేయడం లేదని రోగి గ్రహించిన తర్వాత కూడా ఆమెను ఆ బల్ల మీదికి రప్పించేది ఆ డబ్బే.

ప్యాకేజీలలో మరో ప్రమాదం ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. నడుం నొప్పిలో అత్యధిక భాగం ప్రాణాంతకం కాదు కానీ, ఆ కొద్దిపాటి మిగిలిన భాగాన్ని మొదటే గుర్తించాలి. క్షయ ఎక్కువగా ఉన్న మన దేశంలో వెన్నెముక క్షయ మామూలు నడుం నొప్పిగానే మొదలవుతుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ముందు పరీక్షలు జరగాలి, బల్ల కాదు. గతంలో క్యాన్సర్ ఉన్నవారు, ఎముకలు గుల్లబారిన వృద్ధులు, వెన్నుపూస చిట్లినవారు, గర్భిణులు, పొట్టలోని బృహద్ధమని ఉబ్బినవారు ట్రాక్షన్ జోలికి పోకూడదు. మూత్రం, మలం పట్టు తప్పినా, కూర్చునే భాగంలో స్పర్శ పోయినా, కాలు రోజురోజుకీ బలహీనపడి పాదం ఈడ్చవలసి వచ్చినా, తర్వాతి సిట్టింగు దాకా ఆగకుండా ఆ గంటలోనే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) లాంటి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. అలాంటి స్థితిలో నరం మీద ఒత్తిడి తీసే శస్త్రచికిత్స ఎంత త్వరగా జరిగితే కాళ్లు, మూత్రాశయం దక్కే అవకాశం అంత ఎక్కువ. ఈ లక్షణాలను అడగకుండానే పట్టీలు బిగించే చోట ఒక్క నిమిషం కూడా ఉండవద్దని నా మనవి.

తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద చర్య తీసుకోవడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం వీలు కల్పిస్తుంది, 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. కానీ నొప్పితో ఉన్న ప్రతి మనిషినీ ఫిర్యాదుదారుగా మార్చడం కన్నా తేలికైన మార్గం, డబ్బు తీసుకునే ముందు ఒక పేజీ తెలుగు కాగితం ఇవ్వడం. ఫిజియోథెరపిస్టుల సంఘాలు, వైద్య కళాశాలల్లోని ఎముకల విభాగాలు కూర్చుంటే ఒక మధ్యాహ్నంలో దాన్ని తయారు చేయగలవు. యంత్రం ట్రాక్షన్ తరగతికి చెందినదని, దీర్ఘకాలిక నడుం నొప్పికి దీన్ని మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిందని, నటన లాగుడుతో పోల్చినప్పుడు తేడా కనిపించలేదని అందులో ఉండాలి. ఎవరు దీని మీద పడుకోకూడదో, ఏ లక్షణాలు కనిపిస్తే వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లాలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. వ్యాయామం నేర్పడానికి ఫిజియోథెరపిస్టు ఎంతసేపు కూర్చుంటారో, దానికి ఫీజు ఎంతో విడిగా రాయాలి. ఏ సిట్టింగు డబ్బు ఆ సిట్టింగుకే తీసుకుంటామని, ముందుగా కట్టి ఉంటే వాడని సిట్టింగుల సొమ్ము కారణం అడగకుండా తిరిగి ఇస్తామని చివర రాసి, కింద క్లినిక్కు సంతకం, ముద్ర వేసి రోగి చేతికి ఇవ్వాలి.